పూలదండలు లేని యేండ్లు

పాఠశాలలో చదివిన ప్రతి తెలుగు విద్యార్థికిని కందుకూరి వీరేశలింగము పంతులుగారి పేరు తెలిసియే యుండును. ఆ పేరుతోపాటు మూడు తేదీలును తెలిసియుండును. 1848 ఏప్రిల్ 16వ తేదీన వారు రాజమహేంద్రవరమున జన్మించిరి. 1881 డిసెంబరు 11వ తేదీన ఆ పట్టణముననే తమ యింట తొలి వితంతు వివాహమును జరిపించిరి. 1919 మే 27వ తేదీన మద్రాసులో కీర్తిశేషులైరి. పరీక్షకు ఈ మూడు తేదీలును చాలును. జీవితమును తెలిసికొనుటకు మాత్రము చాలవు. రెండవ తేదీకిని మూడవ తేదీకిని నడుమ ముప్పదియేడేండ్లకు పైగా గడచినవి. ఆ యేండ్లలో పంతులుగారు ఏమి చేసిరి, చేపట్టిన పనిని నడుమ విడువక ఎట్లు నిలువగలిగిరి అనునది పాఠ్యపుస్తకములలో సాధారణముగా చోటు దొరకని కథ.

ఒక చిన్న లెక్కతో ఆరంభింతము. మొదటి వివాహము డిసెంబరు 11న జరిగెను. నాలుగు దినములకే, 15వ తేదీన, రెండవ వివాహము జరిగెను. ఒకే వారములో రెండు! ఆ దినములలో పంతులుగారి వెంట తిరిగిన యువకులు ఇంక దేశమంతయు కదలివచ్చుననియే తలచియుందురు. కాని పంతులుగారి జీవితాంతమునకు జరిగిన వితంతు వివాహములు రమారమి నలువది మాత్రమే. అనగా సగటున ఏడాదికి ఒకటి. వారమునకు రెండు చూచిన కన్నులకు ఏడాదికొకటి యనునది ఓటమివలెనే కనబడును. అట్లు కనబడుచుండగనే ముప్పదియేడేండ్లు ఆ పని చేయుట యెట్లు సాధ్యమయ్యెనో విచారించుటయే ఈ వ్యాసమునకు ఉద్దేశము.

గోదావరి మండలములలో సేద్యము చేయువారికి ఈ సంగతి క్రొత్తది కాదు. నాట్ల నాడు చేలో పాటలుండును. నూర్పుల నాడు కళ్లములో సందడి యుండును. నడుమనున్న నెలలలో గట్టు తెగకుండ కాచుకొనుట, వంతు వచ్చిన రాత్రి లాంతరు పట్టుకొని కాలువనీరు మళ్లించుకొనుట, తెగులు పట్టిన దుబ్బును ముందుగా కనిపెట్టుట - వీటికి పాటలు లేవు, పండుగలు లేవు. పంట నిలుచుటయు పోవుటయు ఆ దినములలోనే నిర్ణయమగును.

మొదటి అడుగులు

పంతులుగారికి నాలుగేండ్లు నిండిన కాలముననే తండ్రి సుబ్బరాయుడుగారు గతించిరి. తల్లి పున్నమ్మగారును పెదతండ్రియు వారిని పెంచి పెద్దచేసిరి. ఇంట పూర్వపు కలిమి లేదు, అప్పులు కలవు. బాల్యమునుండియు దగ్గును ఉబ్బసమును వారిని విడువలేదు. పదుమూడవ యేట వివాహమయ్యెను. వధువు పుట్టినింటి పేరు బాపమ్మ. అత్తవారింట ఆమెకు రాజ్యలక్ష్మి యని పేరు పెట్టిరి. ఈ పేరును పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. ఈ కథలో సగము ఆమెది.

యౌవనమున పంతులుగారికి ప్రౌఢకవిత్వమునందు మక్కువ యుండెను. శుద్ధాంధ్ర నిరోష్ఠ్య నిర్వచన నైషధమను కావ్యమును వ్రాసిరి. సంస్కృతపదములు వాడక, పెదవులు తగిలి పలుకు అక్షరములు రానీయక, నడుమ వచనమన్నది లేక నలుని కథ చెప్పుట! అది కత్తిమీద సాము. ఆ సాము చేయగలిగిన శక్తి తమకు కలదని నిరూపించుకొన్న పిమ్మట వారు ఆ దారి విడిచిరి. పండితులు మెచ్చుకొను పద్యముకంటె పదిమందికి బోధపడు వచనము దేశమునకు అవసరమని వారికి తోచెను. చేయగలిగిన పనికిని చేయవలసిన పనికిని గల భేదమును ఇంత చిన్న వయస్సున గుర్తించుట సామాన్యము కాదు.

కోరంగిలో కొంతకాలము ఉపాధ్యాయులుగా నుండి వారు ధవళేశ్వరము పాఠశాలకు వచ్చిరి. అక్కడ నుండగనే 1874లో వివేకవర్ధని యను పత్రికను ప్రారంభించిరి. ఆ సంవత్సరముననే బాలికలకు ఒక పాఠశాలను నెలకొల్పిరి. ఆడపిల్లకు అక్షరము నేర్పిన అనర్థము వచ్చునని పెద్దలు నమ్ముచున్న కాలమది. తరువాత రాజమహేంద్రవరము చేరి, స్వంత ముద్రాక్షరశాలను పెట్టుకొని, ప్రభుత్వ పాఠశాలలో తెలుగు పండితులుగా పనిచేయుచు పత్రికను నడపిరి. లంచములు పట్టు ఉద్యోగులను, న్యాయస్థానములలోని అక్రమములను, భోగముమేళములను వివేకవర్ధని పేరుపేరున దుయ్యబట్టెను. రాజశేఖర చరిత్రము మొదట ఆ పత్రికలోనే వెలువడి 1880లో పుస్తకరూపము దాల్చెను.

వితంతువుల పునర్వివాహమునకు చట్టము అప్పటికే కలదు. కలకత్తాలో ఈశ్వరచంద్ర విద్యాసాగరులు చేసిన కృషి ఫలితముగా 1856లో అది వచ్చెను. కాని మన ప్రాంతమున అది కాగితముమీదనే యుండెను. 1879 ఆగస్టు 3వ తేదీన పంతులుగారు ఈ విషయముపై రాజమహేంద్రవరమున తొలి ఉపన్యాసము చేసిరి. పట్టణము అట్టుడికినట్లు ఉడికెను. పండితులు ఖండనలు వ్రాసిరి. పంతులుగారు వారు నమ్మిన స్మృతులనుండియే ప్రమాణములు తీసి, అక్టోబరు 12వ తేదీన రెండవ ఉపన్యాసములో బదులు చెప్పిరి. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ఈ కార్యమునకై పదివేల రూపాయలు ఇచ్చుటకు ముందుకు వచ్చిరి. ఆనాటి పదివేలు సామాన్యమైన మొత్తము కాదు.

ధనము దొరకెను, ప్రమాణములు దొరకెను. వధువు మాత్రము దొరకలేదు. కూతురి దుఃఖమును చూచి లోలోపల కుమిలిపోవు తల్లిదండ్రులకు గూడ కులమువారి యెదుట నిలుచుటకు ధైర్యము చాలలేదు. ఉపన్యాసమునకును వివాహమునకును నడుమ రెండేండ్లు పట్టెను. తుదకు కృష్ణామండలమునుండి గౌరమ్మ యను బాలవితంతువును రహస్యముగా రప్పించిరి. గోగులపాటి శ్రీరాములుగారు వరుడు. విద్యార్థులు ఇంటిచుట్టును కావలి యుండిరి. పోలీసు బందోబస్తు ఏర్పాటు చేయవలసి వచ్చెను. బాజాలు మ్రోగుచుండగా వివాహము జరిగెను.

చరిత్రపుస్తకము ఇక్కడ ఒక పుటను ముగించును. అసలు కష్టము ఇక్కడనే మొదలయ్యెను.

వివాహము మరునాడు

పెండ్లిపందిరి విప్పకముందే పట్టణములో లెక్కలు మొదలైనవి. ఎవరెవరు వచ్చిరి, ఎవరెవరు తాంబూలము పుచ్చుకొనిరి, ఎవరెవరు పంక్తిని కూర్చుండి భోజనము చేసిరి? పీఠాధిపతి శ్రీముఖము వచ్చెను, పాల్గొన్నవారికి వెలి. వెలి యను మాట ఈనాటి విద్యార్థులకు పెద్దగా భయము కలిగింపకపోవచ్చును. ఆనాడు వెలి యనగా ఇంట శుభము జరిగినను అశుభము జరిగినను పురోహితుడు గడప తొక్కడు. పిల్లకు సంబంధము రాదు. చచ్చినచో మోయుటకు నలుగురు రారు. ఇట్టి స్థితిలో, వివాహమునాడు పంతులుగారి ప్రక్కన నిలిచినవారిలో చాలమంది ఒకరి తరువాత ఒకరుగా ప్రాయశ్చిత్తము చేసికొనిరి. వారిని నిందించుట మనకు తేలిక. వారి యిండ్లలో ముసలి తల్లిదండ్రులుండిరి, పెండ్లికెదిగిన చెల్లెండ్రుండిరి. పంతులుగారికి కోపము రాకపోలేదు. వారి కలమునకు పదును ఎక్కువ. అది ఆప్తులను గూడ కొన్నిమార్లు కోసినది.

వంటవారు పని మానిరి. నీరు మోయువారు రామనిరి. అప్పుడు రాజ్యలక్ష్మమ్మగారు బిందె తీసికొని గోదావరికి నడచిరి. ఇంట నున్న వధూవరులకు, అతిథులకు, విద్యార్థులకు తామే వండి వడ్డించిరి. పుట్టినింటివారు వచ్చి తమతో రమ్మని పిలిచినను ఆమె కదలలేదు. పంతులుగారు సభలో ఉపన్యసించునప్పుడు చప్పట్లు కొట్టుటకు పదిమంది యుండిరి. రేవునుండి నీటిబిందెతో ఇంటికి వచ్చు ఇల్లాలికి దారిపొడవున వినబడినవి ఎత్తిపొడుపు మాటలు మాత్రమే. ఆ బిందె ఒకనాటిది కాదు. అది యెన్నటికిని ముగియని పని. పంతులుగారి ఉద్యమము ఆ నడిమి యేండ్లలో చావక నిలుచుటకు కారణము వెదకువారు ముందుగా ఈ బిందెను చూడవలెను.

లోపలి చిక్కులు

వెలుపలి శత్రువులతో పోరు కష్టమైనను అందులో ఒక ఉత్సాహము కలదు. ఎదిరి కనబడుచుండును, ధర్మము తమ పక్షమున కలదను నమ్మిక యుండును. లోపలి చిక్కులు అట్టివి కావు.

వివాహము చేసికొన్న దంపతులను బంధువులు రానీయలేదు. వారికి ఇల్లు కావలెను, జీవనము కావలెను, వ్యాధి వచ్చినచో చూచుకొనువారు కావలెను. ఈ భారమంతయు పంతులుగారిమీదను, ఆ చిన్న సమాజముమీదను పడెను. వరులలో ఆదర్శముతో వచ్చినవారుండిరి, సహాయద్రవ్యముపై కన్నువేసి వచ్చినవారును ఉండిరి. కొందరు తమకిచ్చినది చాలదని అలిగిరి. కొందరు మేలుపొందియు పంతులుగారిపై నేరములు మోపిరి. సమాజములో ధనవినియోగమును గూర్చి వివాదములు పుట్టినవి. తాము లోకమునెల్ల ఎదిరించి నిలబెట్టినవారే తమకు ఎదురు తిరిగినప్పుడు కలుగు బాధకు శత్రువు చేసిన గాయము సరిరాదు.

దీనికితోడు మృత్యువు. పైడా రామకృష్ణయ్యగారు వివాహములు ఆరంభమైన కొన్ని యేండ్లకే గతించిరి. పంతులుగారికి కుడిభుజమై నిలిచిన బసవరాజు గవర్రాజుగారు చిన్న వయస్సుననే మరణించిరి. మొదటి సభలో కూర్చున్నవారిలో మిగిలినవారు నానాటికి తగ్గిపోయిరి. పంతులుగారి ఉబ్బసము మాత్రము తగ్గలేదు.

ఇట్టి అనుభవము పంతులుగారికి ఒక్కరికే కలిగినది కాదు. వంగదేశమున విద్యాసాగరులు వితంతు వివాహముల ఖర్చులు భరించి అప్పులపాలైరి. వాగ్దానము చేసినవారు ముఖము చాటువేసిరి. వారు కడపటి దినములలో నగరముపై విసుగుచెంది, దూరమున కర్మాటాడులో సంతాలుల నడుమ చాలకాలము గడపిరి. పూనాలో ధోండో కేశవ కర్వేగారు 1893లో తాము స్వయముగా ఒక వితంతువును వివాహమాడి, వివాహముకంటె ముందు వితంతువుకు చదువును నీడయు కావలెనని గ్రహించి, శరణాలయ స్థాపనకు పూనుకొనిరి. మూడు ప్రాంతములలోను ఒకే పని. మూడు చోట్లను మొదటి యుత్సాహము చల్లారిన పిదప ఒకే ప్రశ్న ఎదురయ్యెను. ఇంక ముందునకు పోవుట యెట్లు?

చేతిలోని పని

ఈ ప్రశ్నకు పంతులుగారి జీవితము చెప్పిన సమాధానములలో మొదటిది ఆశ్చర్యము గొలుపునంత సామాన్యమైనది. వారి చేతిలో ఎప్పుడును మరియొక పని యుండెను.

వితంతు వివాహములకు వధూవరులు దొరకని నెలలు, సంవత్సరములు వచ్చినవి. ఆ కాలమున వారు కిటికీకడ కూర్చుండి దేశమును నిందించుచు ఉండిపోలేదు. బడి కలదు, ప్రతిదినమును పాఠము చెప్పవలెను. పత్రిక కలదు, వేళకు అచ్చు కావలెను. స్త్రీలకొరకు 1883లో సతీహితబోధినిని ప్రారంభించిరి. ప్రహసనములు వ్రాసి మూఢాచారములను నవ్వులపాలు చేసిరి. శాకుంతలమును తెనిగించిరి. ప్రకృతిశాస్త్రములను సులభమైన తెలుగులో చెప్పిరి. సత్యరాజా పూర్వదేశ యాత్రలను కల్పనాకథగా వ్రాసిరి. అన్నిటికిని మిన్నగా ఆంధ్ర కవుల చరిత్రమునకు పూనుకొనిరి. తాటాకు ప్రతులు వెదకి, శాసనములు పరిశీలించి, ఏ కవి యే కాలమువాడో, ఏ గ్రంథము ఎవరిదో తేల్చుట యొక మనుష్యుని జీవితమునకు చాలినంత పని. పంతులుగారి కది అనేక పనులలో ఒకటి. వారి గ్రంథములు నూటికి మించినవి. రాజశేఖర చరిత్రము 1887లో ఆంగ్లభాషలో సహితము వెలువడెను.

ఈ గ్రంథములను సంస్కరణోద్యమమునకు వేరుగా చూచుట అలవాటైపోయినది. సాహిత్యచరిత్ర వ్రాయువారొక వీరేశలింగమును, సంఘచరిత్ర వ్రాయువారు మరియొక వీరేశలింగమును చూపుదురు. నిజమునకు ఆ రెండును ఒకే నాగలికి కట్టిన రెండెడ్లు. ఒకటి అలసినప్పుడు రెండవది లాగెను. ఏడాదికి ఒక్క వివాహమే జరిగిన సంవత్సరమున గూడ ఆ సంవత్సరము వ్యర్థము కాలేదని వారికి తెలియును. ఎక్కడనో ఒక యింట ఒక బాలిక వారు వ్రాసిన పుస్తకము చదువుకొనుచుండెను.

రెండవ సమాధానము రాజమహేంద్రవరమునకు పోయినవారు కన్నులారా చూడదగినది. అభిప్రాయములు చెప్పుకొనుటకు ప్రజలకు ఒక చోటు కావలెనని భావించి, వారు 1890లో పురమందిరమును కట్టించిరి. ధనము వారిదే. ఉపన్యాసము వినుటకు వచ్చిన జనము వినిన తరువాత వెళ్లిపోవుదురు. గోడలు మాత్రము నిలిచియుండును. తమ యుత్సాహము ఉన్న దినమునను లేని దినమునను పని జరుగవలెనన్నచో దానికి ఒక ఇల్లు, ఒక వేళ, ఒక లెక్కపుస్తకము ఉండవలెనని పంతులుగారు నేర్చుకొనిరి. ఉత్సాహము అతిథివంటిది, వచ్చినప్పుడు సంతోషింపవలెను, దానిని నమ్ముకొని వంట మానరాదు.

మార్గము మారినది

ఈ నడిమి యేండ్లలో ప్రభుత్వమును లోకమును వారిని గౌరవింపకపోలేదు. 1893లో రావుబహదూరు బిరుదు వచ్చెను. 1898లో మద్రాసున జరిగిన సంఘసంస్కరణ మహాసభకు వారు అధ్యక్షత వహించిరి. మహాదేవ గోవింద రానడేగారు వారిని దక్షిణదేశ విద్యాసాగరులని కొనియాడిరి. తరువాత కొన్ని యేండ్లు మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు పండితులుగా పనిచేసి ఉద్యోగము విరమించి, తిరిగి గోదావరి యొడ్డునకు వచ్చిరి. బిరుదులు వచ్చినంతమాత్రమున పని సులభము కాలేదు. ఆ మనుష్యుడు ఆ బిరుదులను చూచుకొని విశ్రమింపను లేదు.

ఇక్కడ ఒక సూక్ష్మము గమనింపవలెను. దీర్ఘకాలము ఒక లక్ష్యమును పట్టుకొని యుండుటయు, ఒకే పద్ధతిని పట్టుకొని వ్రేలాడుటయు ఒక్కటి కావు. పంతులుగారు లక్ష్యమును మార్చలేదు; పద్ధతిని మాత్రము అనుభవమునుబట్టి దిద్దుకొనిరి. వివాహము ఒక్కటే వితంతువు కష్టమును తీర్పజాలదని ఆ దంపతుల కథలే వారికి నేర్పినవి. చదువు లేని బాలిక మొదట తండ్రిమీద, తరువాత భర్తమీద, అటుపిమ్మట సమాజముమీద ఆధారపడవలసినదే. కావున వితంతువులకు శరణాలయము నెలకొల్పి, అక్కడ వారికి విద్య నేర్పుటకు పూనుకొనిరి. పెండ్లి చేసికొనుట యిష్టమైనవారు చేసికొనవచ్చును. ఇష్టము లేనివారు చదువుకొని తమ కాళ్లపై నిలువవచ్చును. తొలినాటి ఉపన్యాసములలో కనబడని ఈ వివేకము నడిమి యేండ్ల పరాజయములు ఇచ్చిన ఫలము.

1906లో హితకారిణీ సమాజమును స్థాపించి, తమ ఆస్తినంతయు దానికి సమర్పించిరి. వారికి సంతానము లేదు. జీవితకాలమున కూడబెట్టినది, పుస్తకములవలన వచ్చినది, ఇల్లు, తోట, అన్నియు ఆ సమాజమునకే చెందినవి. వ్యక్తి చేయు పనికి వ్యక్తి ఆయుస్సే హద్దు. ఆ హద్దును దాటించుటకు వారు చేసిన యత్నమిది. పాఠశాలయు శరణాలయమును ఇక వారి ఊపిరిపై ఆధారపడనక్కరలేదు. ఉబ్బసపు రోగికి ఈ మాట యెంతటి నెమ్మదినిచ్చియుండునో ఊహింపవచ్చును.

ఇంతలో కాలము మారెను. 1907లో బిపిన్ చంద్రపాల్ గారు రాజమహేంద్రవరమునకు వచ్చిరి. వందేమాతర నినాదముతో పట్టణము మ్రోగిపోయెను. కళాశాల విద్యార్థులు శిక్షలకు గురియైరి. యువకుల హృదయములు రాజకీయ స్వాతంత్ర్యమువైపు పరుగిడినవి. ఒకనాడు పంతులుగారి వాకిట కావలి కాచిన వయస్సువారే ఇప్పుడు వారిని పాతకాలపువారినిగా చూడసాగిరి. రాజకీయములలో పంతులుగారి అభిప్రాయములు ఆ యువకులకు రుచింపలేదు. ఈ భేదమును దాచవలసిన పని లేదు. దేశమునకు ఆ ఉద్యమమును అవసరమే. కాని మనుష్యుడు జీవితమంతయు మోసిన బరువును తరువాతి తరము చూడక ప్రక్కనుండి నడచిపోవుట ఎంతటి పరీక్షయో ఉపాధ్యాయవృత్తిలో నున్నవారికి బాగుగా తెలియును. వారు ఆ పరీక్షకును తట్టుకొనిరి. వృద్ధాప్యమున పత్రికలలో నిందలు పడవలసి వచ్చినప్పుడును తట్టుకొనిరి.

చివరి పుటలు

1910 ఆగస్టులో రాజ్యలక్ష్మమ్మగారు కన్నుమూసిరి. వివాహమైనది మొదలు నలువదితొమ్మిదేండ్ల సాహచర్యము. శరణాలయములోని వితంతువులకు ఆమె తల్లి. ఎందరో నూతన దంపతులకు ఆమెయే పుట్టినిల్లు. ఆమె పోయిన తరువాత పంతులుగారికి మిగిలినది కలమే. వారు తమ స్వీయచరిత్రమును ప్రకటించిరి. తెలుగువారికి అట్టి గ్రంథము క్రొత్త. అందులో తమ విజయములతోపాటు తమ కష్టనష్టములను, కలహములను, నమ్మి మోసపోయిన సందర్భములను విస్తారముగా వ్రాసిరి. దాచుకొనుటకు ఎంతో అవకాశమున్నను దాచుకొనలేదు. తమ నడిమి యేండ్లను తామే బయట పెట్టిన మహానుభావులు చాల అరుదు. తరువాతివారు ఈ దారిని పోవునప్పుడు ఎక్కడెక్కడ గోతులున్నవో తెలిసికొనవలెనని వారి తలంపు కాబోలు.

డెబ్బదియవ యేట దాటిన తరువాత గూడ వారు ఆంధ్ర కవుల చరిత్రమును సంస్కరించుచునే యుండిరి. తాము పూర్వము వ్రాసిన దానిలో తప్పులు దొరకినచో దిద్దుటకు వెనుదీయలేదు. 1919లో, మరణమునకు కొన్ని నెలల ముందు, వారు మరియొక సాహసము చేసిరి. జీవితమంతయు గ్రాంథికభాషలో వ్రాసిన ఆ పండితులు వాడుకభాషను వ్యాప్తిచేయుటకు రాజమహేంద్రవరమున ఏర్పడిన సమాజమునకు అధ్యక్షులైరి. గిడుగు రామమూర్తి పంతులుగారు వారికి సహచరులైరి. యౌవనమున నిరోష్ఠ్యకావ్యము వ్రాసిన చేయి పదిమంది మాటాడు భాషవైపు చాపబడెను. పైకి చూచిన ఇది మార్పువలె కనబడును. ధవళేశ్వరములో పత్రిక ప్రారంభించిన నాటినుండియు వారు పోవుచున్న దారిలో ఇది మరియొక అడుగు మాత్రమే.

ఆ సంవత్సరము మే నెలలో వారు మద్రాసున కాలధర్మము చెందిరి. రాజమహేంద్రవరమున ఆనందోద్యానములో ఆ దంపతుల సమాధులు కలవు. వారు పుట్టిన ఇల్లు కలదు, పురమందిరము కలదు, వారి పేరు గల విద్యాసంస్థలు నేటికిని నడచుచున్నవి.

నలువది వివాహములు అనిన లెక్కకు ఇప్పుడు మరల వత్తము. దేశములోని వితంతువుల సంఖ్యయెదుట నలువది యనునది సముద్రములో చెంబెడు నీరు. పంతులుగారు కన్నుమూయునాటికి ఆచారము మారలేదు. వారు అది మారుట చూడలేదు. తాము ఫలమును చూతుమను నమ్మకముతోనే పని చేయువారైనచో వారు 1885 నాటికో 1890 నాటికో మానివేసి యుండెడివారు. ఎవరును తప్పుపట్టి యుండరు. తొలి వివాహముతోనే చరిత్రలో వారికి చోటు దొరకినది. ఆ చోటు దొరకిన పిమ్మటను వారు ముప్పదియేడేండ్లు పనిచేసిరి. తలుపు తట్టిన ఒక్కొక్క బాలికకు ఒక్కొక్క యేడాది పట్టినను, ఆ బాలికకు మాత్రము అది యేడాదికొకటి యను లెక్క కాదు, ఆమె యావజ్జీవితము.

ఉపాధ్యాయులకు ఇందులో తమ బ్రదుకు కనబడకపోదు. జూనులో బడి తెరచిననాడు క్రొత్త పుస్తకముల వాసన యుండును. వార్షికోత్సవమునాడు తోరణము లుండును. నడుమ అదే గుణింతము, అదే ఎక్కము, అదే తప్పు మరల మరల దిద్దుట. విద్యార్థులకును అంతే. పెద్ద చదువునకు పూనుకొన్న సంవత్సరమున గల ఉబలాటము రెండవ యేటికి ఉండదు. పట్టము చేతికి వచ్చుట కింకను దూరము. అప్పుడు తమలో ఏదో లోపము కలదని దిగులు పడుట సహజము. ఆ స్థితి లోపము కాదనియు, ప్రతి పెద్ద పనికిని నడుమ అట్టి మెట్ట యుండుననియు, దానిని దాటుటకు ఆవేశముకంటె ఆనాటికి చేయవలసిన చిన్న పని యెక్కువగా తోడ్పడుననియు పంతులుగారి జీవితము చెప్పుచున్నది.

రాజమహేంద్రవరమునకు పోవు విద్యార్థులు పంతులుగారి ఇల్లు చూచిన తరువాత గోదావరి రేవువరకు నడచి రావలెను. దూరము ఎక్కువ లేదు. నీరు నిండిన బిందెతో ఆ దారిని ప్రతిదినము తిరిగి నడచుట యెట్లుండునో ఒక్కమారు తలచుకొనవలెను. పుస్తకములలో లేని ఏండ్లు ఆ దారిమీదనే గడచినవి.